నేలా, సొరుగా?

బురితి రేవు, ఎగువ పురూస్
9 మార్చి 2008

పారిపోయిన బావకి,

నువ్వు మందుల పడవ ఎక్కి నెల దాటింది. అత్త కడుపులో గడ్డ ఆ కరియా డాక్టర్లు, ఆ పట్నం పరాయివాళ్లు, తీశారా? పాము కరిచిన ఎడమకాలు ఈడ్చుకుంటూ ఆ సిమెంటు మెట్లన్నీ ఎలా ఎక్కుతోందో పాపం. వీపు మీద మోసుకెళ్తున్నావా, లేక మొగాణ్నని సిగ్గుపడుతున్నావా?

ఇక నా సంగతి. నువ్వు మర్చిపోయినట్టు నటిస్తావని తెలుసు కాబట్టి రాతలో పెడుతున్నాను. ఆ పొద్దున ఆడవాళ్లమంతా కర్రలు పట్టుకుని పాడుకుంటూ ఇంటింటికీ వచ్చినప్పుడు నేను కావాలనే మీ ఇంటి దగ్గర ఆగాను. మీ రాట మీద మూడు దెబ్బలు వేశాను. "బావా, అడవిపంది మాంసం తేవాలి, తేకపోతే ఊయల్లోంచి లేవకు" అన్నాను. నువ్వు నవ్వావు. నవ్వితే ఒప్పుకున్నట్టే. అదే మధ్యాహ్నం అత్తకి నొప్పి ఎక్కువై మీరు వెళ్లిపోయారు, సరే, అది నీ తప్పు కాదు. కానీ రాట కొట్టిన ఆడదానికి మాంసం తేకుండా ఊరు దాటిన మగాడు ఈ ఏటి మీద నువ్వొక్కడివే. నీళ్ల దగ్గర నన్ను ఎంత ఏడిపిస్తున్నారో తెలుసా?

పోయిన వారం నాన్న నశ్యం పీల్చి, చచ్చిపోయి కింద నేల లోపలున్న మనవాళ్లని పిలిచాడు. అడవిపందుల చిన్న మంద పైకొచ్చింది. అందులో ఓ ముసలి మగపంది ఉంది, అందరం తాతే అనుకున్నాం. బతికున్నప్పుడు ఎంత మొండివాడో మాంసం కూడా అంతే, రెండు రోజులు ఉడికింది. "తాతా, చచ్చి పందివై కూడా మారలేదా!" అని అమ్మ కుండ మీద అరిచింది.

బడిలో పిల్లలు మన మాట రాయడం నేర్చుకుంటున్నారు. నీకు జవాబు రాసే మనిషి లేడని తెలుసు, నువ్వే రాయి.

నీ మరదలు
జుల్మీరా

*

పట్నం, రోగుల సత్రం
20 ఏప్రిల్ 2008

జుల్మీరా,

మామకి ఇది చదివే ముందు ఆయన్ని కూర్చోబెట్టు.

మార్చి ముప్ఫైన ఆమె పోయింది. ఎవరో నేను రాయక్కర్లేదు. ఇకమీదట మీరెవరూ ఆ పేరు పలకవద్దు. డాక్టర్లు కడుపు కోసి, చూసి, మళ్లీ కుట్టేశారు. ఆఖర్న ఆమె అడిగింది ఒక్కటే: "ఇక్కడ నేల ఎక్కడుందిరా? ఎటు చూసినా సిమెంటే." నేను చూపిస్తానన్నాను.

నేలలోనే పెట్టాను. లోతుగా. మామని దిగులుపడొద్దని చెప్పు.

నాకు ఇక్కడ దుబాసీ పని ఇచ్చారు. మన మదిహా రోగులు వస్తే వాళ్ల నొప్పి కరియా మాటలో చెప్పాలి, డాక్టరు చెప్పింది మన మాటలో చెప్పాలి. కొన్నాళ్లు ఉంటాను. నా కోసం ఎదురుచూడకండి అని రాయబోయాను. రాయలేకపోయాను.

ఒస్మీల్దో

*

బురితి రేవు
11 జులై 2008

బావా,

ఉత్తరం చదువుతుంటే నాన్న లేచి ఏటి వైపు వెళ్లిపోయాడు. మేం ఆడవాళ్లం మూడు పొద్దులు ఏడ్చాం. ఆమె కర్రపెండలం తోటలో దుంపలు పీకి ఆమె కుండలోనే గంజి పులియబెట్టి తాగాం. కుండ పగలగొట్టాలంటే నాకు చేతులు రాలేదు, అమ్మ పగలగొట్టింది. ఇప్పటికీ పొద్దున నిద్రలేవగానే మీ ఇంటి వైపు చూస్తాను, పొగ వస్తోందేమోనని.

నాన్న అడగమన్నవి రాస్తున్నాను. ఎంత లోతు తవ్వావు? ఎర్రమట్టి తగిలిందా, నీళ్లు ఊరాయా? తల ఎగువ వైపు పెట్టావా? దిగే పాట ఎవరు పాడారు? "పాట లేకుండా దిగితే దారి తప్పుతుంది, కాలు కూడా సరిగ్గా లేదు దానికి" అంటున్నాడు. చెల్లెలి మీద ఇంత ప్రేమ ఉన్నట్టు బతికుండగా ఎప్పుడూ కనపడలేదు, ఎప్పుడూ తిట్టుకునేవాళ్లు.

వానలు వచ్చేసరికి వస్తావు కదా? మీ కప్పు రెండు చోట్ల కారుతోంది. వల్దెనీర్ తాటాకు వేసి సరిచేశాడు. నేనేం అడగలేదు, తనే వచ్చాడు.

జుల్మీరా

*

పట్నం
2 అక్టోబర్ 2008

జుల్మీరా,

గుండె లోతు తవ్వారు. ఎర్రమట్టే. తల ఎగువ వైపే. పాట నేనే పాడాను, నాకు వచ్చినంత.

ఇక్కడ అన్నం, బీన్సు, కోడి. రోజూ అదే. కోళ్లు వీళ్లకి ఎవరూ కావు, అందుకే రుచి ఉండదేమో. మన మాట మాట్లాడే రోగి చివరిగా ఆగస్టులో వెళ్లాడు. అప్పటినుంచి నా నోట్లో మన మాట తుప్పు పడుతోంది. నీ ఉత్తరం బాత్రూములో తలుపేసుకుని పైకి చదువుకుంటాను. నీ గొంతుతో తిట్లు కూడా పెడతాను. నర్సు అర్లేత్ తలుపు కొట్టి "ఒస్మీల్దో, ఎవరున్నారు లోపల?" అంటుంది. మా మరదలు అంటాను. మంచిది, కాగితాల పనిలో నాకు చాలా సాయం చేస్తోంది.

ఇంకా రెండున్నరేళ్లు ఇక్కడే ఉండాలి. ఎందుకని అడగొద్దు.

నీ బావ

*

బురితి రేవు
17 ఫిబ్రవరి 2009

ఒస్మీల్దోకి,

ఎందుకని అడగొద్దట! సరే, అడగను. అర్లేత్ ఎవరు అని అడుగుతున్నాను. కాగితాల పనిలో సాయం చేసే నర్సుకి నువ్వు స్నానం చేసే గది తలుపు దగ్గర ఏం పని? బాగుంది. ఇక్కడ నేను కప్పు కారకుండా చూసుకుంటున్నాను, అక్కడ నీకు తలుపు కొట్టేవాళ్లున్నారు. మన దగ్గర రాట కొడతారు, మీ పట్నంలో తలుపు కొడతారన్నమాట.

అది అలా ఉంచు. ఇది మాత్రం జాగ్రత్తగా చదువు. ఏడాదిగా పందులు రాలేదు. ఒక్కటంటే ఒక్కటి. నాన్న పిలుస్తాడు, పాడతాడు, నశ్యంతో ముక్కు పుండైపోయింది. ముందుగా చెల్లెల్నే పిలుస్తున్నాడు, కొత్తగా దిగినవాళ్లు మందని నడిపిస్తారని. "కింద వెతికాను. అది అక్కడ లేదు" అంటున్నాడు. ముందు అందరూ ఓపిక పట్టారు. ఇప్పుడు నీళ్ల దగ్గర మాటలు మారాయి. ముసలాడి పాట ఎండిపోయిందంటున్నారు. ఎవరో ఆయన ఒంట్లో చెడు పెట్టారంటున్నారు. మూడు ఇళ్లవాళ్లు మూటలు కట్టుకుని దిగువకి వెళ్లిపోయారు. నాన్న నాలుగు రోజులుగా ఊయల్లో గోడకేసి తిరిగి పడుకున్నాడు. ఆయన ఇలా పడుకోవడం నేను పుట్టాక చూడలేదు.

నువ్వేమో గుండె లోతు, ఎర్రమట్టి అంటావు. నిజమేనా బావా?

ఇంకో మాట. వల్దెనీర్ నన్ను చేసుకుని ఊయల మా ఇంట్లో కట్టుకుంటానని అమ్మని అడిగాడు. నేను ఏం చెప్పాలి? వస్తావా, రావా? ఒక్క మాట రాయి. ఏరు తగ్గేలోపు మందుల పడవ ఇంకొక్కసారి వస్తుంది. దాంట్లో నీ మాట రాకపోతే అదే నీ మాట అనుకుంటాను.

జుల్మీరా

*

పట్నం
3 మే 2009

జుల్మీరా,

ముందు చిన్న సంగతి. అర్లేత్‌కి అరవై రెండేళ్లు. పళ్లు రెండు వరసలూ పెట్టుడువే, మధ్యాహ్నం గ్లాసులో వేసి కునుకు తీస్తుంది.

ఇక పెద్ద సంగతి. నేను అబద్ధం చెప్పాను. ఈ ఉత్తరం నాలుగు సార్లు రాసి చింపాను.

అమ్మ పోయిన రోజు శ్మశానం ఆఫీసులో గుమాస్తా అడిగాడు: "నేలా, సొరుగా?" నేల అయితే వరద నీరు తీసేదాకా వారం ఆగాలన్నాడు. సొరుగు అయితే ఈ రోజే అన్నాడు. అప్పటికి నాకు సొరుగంటే నర్సుల బల్లకి ఉండేదే తెలుసు. తాళం ఉంటుంది, విలువైన మందులు అందులో పెడతారు. అమ్మని మంచి పెట్టెలో పెట్టి పాతుతారనుకున్నాను. వారం రోజులు చల్లని గదిలో ఎందుకని "సొరుగు" అన్నాను. నేనే అన్నాను. సంతకం కూడా పెట్టాను.

అది గోడ. చాలా పొడుగు గోడ, వరసగా బిలాలు. అమ్మని నాలుగో వరసలో, నా తలకన్నా ఎత్తులో లోపలికి తోసి, ఇటుకలు పేర్చి సిమెంటు పూశారు. అప్పుడర్థమైంది. "నేల! నేల!" అని అరిచాను. వాళ్లకి అర్థం కాలేదు, ఎందుకంటే మన మాటలో అరిచాను. కరియా మాట గుర్తొచ్చేసరికి సిమెంటు ఆరుతోంది. పైన ఆమె పేరు రాశారు. దారినపోయేవాళ్లందరూ చదువుతారు, జుల్మీరా. ప్రతి ఆదివారం పూలు తెచ్చేవాళ్లు తమవాళ్లని వెతుక్కుంటూ ఆ పేరు పైకి చదువుతారు. నేను విన్నాను. చెవులు మూసుకున్నాను.

ఎవరి నొప్పి ఏమిటో డాక్టరుకి తేడా లేకుండా చెప్పే దుబాసీని. మా అమ్మ దగ్గర ఒక్క మాట అర్థం చేసుకోలేకపోయాను.

మూడేళ్లు నిండేదాకా తెరవరట. అర్లేత్ నాతో నాలుగు ఆఫీసులు తిరిగింది, కుదరదన్నారు. మూడేళ్ల రోజున బంధువు వచ్చి నిలబడితే ఎముకలు ఇస్తారు. రాకపోతే అందరివీ కలిపి ఒక సిమెంటు తొట్టిలో వేసి మూత పెడతారు. అందుకే ఉన్నాను. అందుకే రాలేను. వేరే ఏ కారణమూ లేదు.

మామ పాట ఎండిపోలేదు. ఆయన చెల్లెలు కింద లేదు, నేను గోడలో పెట్టాను. ఇది ఊరంతా వినేలా చదువు. నన్ను తిట్టేవాళ్లని తిట్టనీ.

నీ ప్రశ్నకి జవాబు: వస్తాను. ఆగగలిగితే ఆగు.

ఒస్మీల్దో

*

బురితి రేవు
30 ఆగస్టు 2009

బావా,

మందుల పడవ ఏటి మధ్య ఇసుకలో చిక్కుకుని రెండు నెలలు కదల్లేదట. నీ ఉత్తరం నిన్న అందింది. వల్దెనీర్ జులైలో ఊయల కట్టాడు.

ఇంతకన్నా ఏం రాయను? అమ్మ చెప్పింది, నాన్నని అలా చూస్తూ ఇంట్లో వేటకెళ్లే మగాడు లేకపోతే ఎలా అని. నేను పడవ కోసం మే అంతా చూశాను, జూన్ అంతా చూశాను. గట్టు మీద కూర్చుని నిన్ను రకరకాలుగా తిట్టాను. అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నీ ఉత్తరం చదివి నేను ఏడ్చింది వల్దెనీర్ చూశాడు. కాగితం తడవకుండా తీసి కప్పులో దోపాడు. మంచివాడు, అదే నా బాధ.

నీ మాట ఊరంతా వినేలా చదివాను. నాన్న ఊయల్లోంచి లేచి కూర్చున్నాడు. "గోడలోనా? గోడలో ఉంటే కింద నుంచి ఎలా పలుకుతుంది, పిచ్చిదానా!" అని నన్నే తిట్టాడు, తర్వాత ఏడ్చాడు. నిన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. సొరుగంటే ఏమిటో ఆయనకీ తెలీదు, నేను బడి బల్లకున్న సొరుగు లాగి చూపించాను. దాన్ని పది సార్లు తీసి మూశాడు.

ఇప్పుడు విను. నాన్న చెప్పింది రాస్తున్నాను. ఎముకలు తీసుకుని ఏటి దగ్గరికి వెళ్లు, సిమెంటు లేని చోటుకి. నువ్వే తవ్వు, ఇంకెవరి చేతా తవ్వించకు. నీళ్లు ఊరేదాకా తవ్వు. తల ఎగువకి. పులిసిన గంజి పొయ్యి. తర్వాత పాట. పిలిచేవాడు ఇలా పాడాలి:

దిగు, దిగు, మట్టి మెత్తగా ఉంది,
కింద కూడా ఏరుంది, ఒడ్డున నీవాళ్లున్నారు.

దానికి ఆడవాళ్లు ఇలా అందుకోవాలి:

దిగుతున్నా, దిగుతున్నా, వెనక్కి చూడను,
నాకు కొత్త కాళ్లు ఇవ్వండి.

అక్కడ ఆడవాళ్లెవరూ లేరు కదా అన్నాను. నాన్న "వాణ్నే రెండు గొంతులూ పాడమను" అన్నాడు. ఆడగొంతు సన్నగా తియ్యి. నవ్వు రాకుండా పాడు. నాలా పాడు.

ఈ పొద్దున మీ ఇంటికి వెళ్లి రాట మీద మూడు దెబ్బలు వేశాను. పెళ్లైనదాన్ని అయినా నువ్వు నాకు బావవే, కొట్టే హక్కు నాకుంది. ఊయల్లో ఎవరూ లేరు. అయినా కొట్టాను. మాంసం కావాలి బావా. ఆమెని కిందికి పంపు.

జుల్మీరా

*

పట్నం
6 ఏప్రిల్ 2011

జుల్మీరా,

అయిపోయింది.

మార్చి ముప్ఫైన తెల్లారకముందే వెళ్లి గేటు దగ్గర కూర్చున్నాను. కాపలావాడు నన్ను ఎరుగుదును అన్నాడు, మూడేళ్లుగా ఆదివారాలు చూస్తున్నాడు కదా. ఇటుకలు తీశాడు. నేనే చేయి పెట్టి తీశాను. కాళ్ల ఎముకల్లో ఒకటి రెండోదానికన్నా సన్నం. కాపలావాడు "నీ మనిషేనా చూసుకో" అన్నాడు. ఎడమకాలు చూసి అవునన్నాను. గోడ మీద పేరుని గోకేశాను, గోళ్లు రెండు విరిగాయి.

అర్లేత్ వస్తానంది, వద్దన్నాను. ఏటి వెంట రెండు గంటలు నడిచాను. ఆవుల పచ్చిక దాటాక ఓ చోట గట్టు మీద సిమెంటు లేదు, మనుషులు లేరు. పార నాదే. నడుము లోతుకి ఎర్రమట్టి, గుండె లోతుకి నీళ్లు. రెండున్నరేళ్ల కిందట నీకు రాసిన అబద్ధమంతా ఆ రోజు అక్షరాలా తవ్వాను. గంజి వంటింటి డబ్బాలో రహస్యంగా పులియబెట్టాను, సత్రమంతా కంపని గోల చేశారు.

పాడాను. దిగు, దిగు అన్నాను. ఆగాను. ఆడగొంతు అందుకోవాలి కదా, అలవాటు కొద్దీ వెనక్కి చూశాను. ఎవరూ లేరు. నేనే అందుకున్నాను. సన్నగా, నీలా. "నాకు కొత్త కాళ్లు ఇవ్వండి" దగ్గర గొంతు పగిలింది. మళ్లీ మొదటినుంచి పాడాను. ఎన్ని సార్లు పాడానో తెలీదు. పచ్చికలో ఆవొకటి తల ఎత్తి చూస్తూనే ఉంది.

దిగిందో లేదో నాకు వినపడలేదు. నేను పిలిచేవాణ్ని కాను. మామని వినమని చెప్పు.

వల్దెనీర్‌కి నా మాటగా చెప్పు, కప్పు బాగు చేసినందుకు.

ఒస్మీల్దో

*

బురితి రేవు
14 ఆగస్టు 2011

బావా! బావా!

వచ్చాయి! పోయిన వారం ఓ పొద్దున, నాన్న ఇంకా నశ్యం కూడా పీల్చలేదు, ఏటి అవతల నేల దడదడమంది. వందకి పైనే. పళ్లు టకటకలాడిస్తూ ఏటిలోకి దూకాయి. ముందు ఓ ముసలి ఆడది నడిచింది. ఎడమకాలు కాస్త ఈడుస్తోంది. కొత్త కాళ్లు ఇమ్మని పాడావు కానీ, ఈవిడ పాతదే ఉంచుకుంది చూడు!

నాన్న గట్టు మీద నిలబడి, "ఇంత ఆలస్యమా! ఎక్కడ తిరుగుతున్నావే ఇన్నాళ్లూ!" అని తిట్టడం మొదలుపెట్టాడు. తిడుతూనే ఉన్నాడు, కన్నీళ్లు కారిపోతూనే ఉన్నాయి. ఆవిణ్ని వల్దెనీర్ వేటాడాడు. మేం ఆడవాళ్లం ఏడుస్తూనే ముక్కలు కోశాం. "ఏడవకండి, తినండి. తినకపోతే అలుగుతుంది, ముందు నుంచీ అంతే కదా దాని గుణం" అన్నాడు నాన్న. దిగువకి వెళ్లిన మూడు ఇళ్లవాళ్లూ వాసన పట్టినట్టు తిరిగొచ్చారు. సిగ్గు లేకుండా తిన్నారు. నాన్నే వడ్డించాడు.

మీ ఇల్లు పోయిన వానల్లో ఒరిగిపోయింది. రాట ఒక్కటే నిలబడింది.

ఆవిడ తొడ ముక్క ఒకటి నాలుగు రోజులు పొగబెట్టి, అరటాకులో చుట్టి మందుల పడవ నడిపేవాడికి ఇచ్చాను. తెరిచి చూస్తే చేతులు పడిపోతాయని బెదిరించాను. రాట కొట్టిన ఆడదే మగాడికి మాంసం పంపడం మన ఏటి మీద ఇదే మొదటిసారి. ఎవరికీ చెప్పకు, నన్ను ఇంకో మూడేళ్లు ఏడిపిస్తారు.

ఇక నిన్ను అక్కడ పట్టేదేమీ లేదు. రా. ఒంటరిగా ఉండకు.

జుల్మీరా

*

పట్నం
19 సెప్టెంబర్ 2011

జుల్మీరా,

పొట్లం అందింది. తాడు విప్పలేదు వాడు, చేతుల మీద ప్రేమ ఉన్నట్టుంది.

రాలేను. ఆ గోడలో మదిహా వాళ్లు ఇంకా ఇద్దరున్నారు. దిగువ ఊళ్ల వాళ్లు, ఒకరు ముసలావిడ, ఒకరు చంటిబిడ్డ తల్లి. నేను గుమాస్తా దగ్గరికి చేరేలోపే వాళ్లవాళ్లు కూడా "సొరుగు" అనే అన్నారు. వాళ్ల గడువు వచ్చే ఏడు, ఆ పై ఏడు. ఆ రోజు నిలబడటానికి ఎవరూ లేరు. ఇప్పుడు మనవాళ్లెవరు పోయినా నేనే గుమాస్తా ముందుకెళ్లి "నేల" అంటాను. తను అడ్డం తిరిగితే నేను గట్టిగా అరుస్తానని వాడికి తెలుసు.

ఇది కూడా నిజమే, రాసేస్తాను: వచ్చి మీ ఇంట్లో వల్దెనీర్ ఊయల చూడాలంటే నాకు ఇంకా ధైర్యం చాలదు. రాటని పడిపోనివ్వకు.

మాంసం మధ్యాహ్నం భోజనాల గదిలో, అందరి మధ్య తిన్నాను. ఉప్పు లేదు. ఆమె వంటలో ఎప్పుడూ ఉండేది కాదు. మెల్లగా, ఎముక దాకా తిన్నాను. తింటూ తింటూ మన మాటలో, పైకే, "అమ్మా, ఇల్లు చేరావా?" అన్నాను.

బల్లకి అటువైపున్న అర్లేత్ చెంచా ఆపి, "ఏమన్నావు ఒస్మీల్దో?" అని అడిగింది.

ఇన్నేళ్లుగా ఎవరేమన్నా తిప్పి చెప్పడమే నా పని. ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు.

నీ బావ
ఒస్మీల్దో